బదులు మనిషి

ఆ నల్ల పట్టీకి ముళ్లు లేవు, అంకెలు లేవు. అది వేళ చెప్పేది కాదు. అయినా స్తుతి ఇంటికి వచ్చినప్పుడల్లా రెబ్కా దాన్ని గడియారమనే అనేది.

"ఆ గడియారం తీసి నీళ్లు పోసుకోవే, తడుస్తుంది."

"తియ్యకూడదమ్మా. తడిసినా ఏం కాదు. నిద్రలో కూడా ఉండాల్సిందే."

స్తుతి కబడ్డీ ఆడుతుంది. దాచేపల్లికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న వాళ్ల పల్లెలో, చర్చి వెనక మట్టిలో మొదలుపెట్టి, స్కూలు తరఫున, జిల్లా తరఫున ఆడి, ఇరవై ఒకటో ఏట ఆడపిల్లల లీగులో ఒక క్లబ్బుకి ఎంపికైంది. క్లబ్బు ఆఫీసు మంగళగిరిలో. ఏడాదికోసారి ఒప్పందం కాగితం తిరగరాస్తారు. మొదటి ఏడాది బెంచీ మీద కూర్చున్న రోజులే ఎక్కువ. రెండో ఏడాది పదకొండు ఆటలు ఆడింది. ఈ మార్చి నెలాఖరుకి మూడో కాగితం రాయాలి. ఈసారి మొదటి ఏడుగురిలో నువ్వుంటావని కోచ్ తన నోటితోనే అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు స్తుతి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. పన్నెండేళ్ల నుంచి ఆ పిల్ల ఆ ఒక్క మాట కోసమే మోకాళ్లు దోక్కుంటూ వచ్చిందని రెబ్కాకి తెలుసు.

మొదటి కాగితం మీద సాక్షి సంతకం రెబ్కాదే. ఆమె అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరో ఏట. భర్త తోమా సిమెంటు లారీ కింద పడి పోయిన మరుసటేడు, పాస్టరమ్మ దగ్గర పలక పట్టింది. క్లబ్బు వాళ్ల కాగితం పదిహేను పేజీలు ఇంగ్లీషు, చివర ఒక్క పేజీ తెలుగు. రెబ్కా ఆ ఒక్క పేజీ కూడా చదవలేదు. ఇక్కడ పెట్టండమ్మా అని వేలు పెట్టి చూపించగానే నాలుక మునిపళ్ల మధ్య పెట్టుకుని పేరు రాసింది. వేలిముద్ర వెయ్యకుండా సంతకం చేశానన్న సంబరంలో పైన ఏముందో చూడాలన్న ధ్యాసే లేకపోయింది.

క్లబ్బు వాళ్లు చేతికి కట్టిన ఆ పట్టీకి ఏమేం తెలుసో తర్వాత ఒక్కొక్కటిగా బయటపడింది. క్రిస్మస్ మర్నాడు పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోను. నిన్న మూడు గంటలే నిద్రపోయావేం అని.

"ఎవరు చెప్పారే వాళ్లకి?" అంది రెబ్కా. "మన పల్లెలో వాళ్ల మనిషెవరైనా ఉన్నారా?"

స్తుతి మణికట్టు ఎత్తి చూపించింది.

ఇంకోసారి రెబ్కా పొయ్యి దగ్గర ఉంది. స్తుతి ఫోను స్పీకర్లో పెట్టి బట్టలు మడతపెడుతోంది. అవతల మగగొంతు, ఫిట్‌నెస్ చూసే ఆయనట, "ఎల్లుండి నుంచి నీకు పీరియడ్స్ కదమ్మా, ఈ నాలుగు రోజులు బరువులు ఎత్తకు" అన్నాడు. సరే సార్ అంది స్తుతి, బస్సు టైము చెప్పించుకున్నంత మామూలుగా.

రెబ్కా గరిటె కింద పెట్టింది. "కన్నదాన్ని, నేనే పైకి అడగను. ఆయనకెట్టా తెలుసు?"

"అందరివీ చార్టులో ఉంటాయి. పద్నాలుగు మందివీ. ఆఫీసు గోడ మీద టీవీలో."

"మగాళ్లు చూస్తారా?"

"చూస్తారు. మొదటి నెల బాత్రూంలోకెళ్లి ఏడ్చాను. ఇప్పుడు అలవాటైందమ్మా. అన్నం మాడుతోంది, చూడు."

ఇది జరిగిన కొన్నాళ్లకి మిరపకాయ కోతలు వచ్చాయి.

కోతకి ఆ పల్లెలో ఆడవాళ్లు ముఠా కట్టుకుంటారు. ముఠాలో చేరితే చేను అయిపోయేదాకా ఎవరి సాలు వాళ్లు కోయాలి. ఒంట్లో బాగాలేకపోతే మానెయ్యొచ్చు, కానీ ఆ ఇంటి నుంచి ఇంకొకరు వచ్చి సాలు పట్టుకోవాలి. కూతురో కోడలో చెల్లెలో, ఎవరైనా ఒకటే. దాన్ని బదులు మనిషి అంటారు. మేస్త్రి కోటిరత్నం తలలు చూసుకుంటుంది గానీ మొహాలు చూడదు. బదులు పంపకుండా ఎగ్గొట్టిన ఇంటికి మరుసటేడు ముఠాలో చోటుండదు. తోమా పోయిన వారంలో కూడా రెబ్కా చెల్లెల్ని పంపింది గానీ సాలు ఖాళీగా వదల్లేదు.

అట్టాంటి మనిషి ఈసారి బాపయ్య గారి చేలో సాలు మధ్యలో కూలబడింది. ఆ సాయంత్రం కోటిరత్నం, కోతకని చీర మీద తొడుక్కున్న మగచొక్కా విప్పి భుజాన వేసుకుని, ముక్కు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

"ఏమే రెబ్కా, పట్టపగలు చేలో పడకేశావంట?"

"ఘాటుకి ఊపిరాడలేదక్కా."

"ఇరవై ఏళ్ల నుంచి లేని ఘాటు ఇయ్యాలొచ్చిందా నీకు? నీ మిగతా సాలు నేనూ నాగజ్యోతీ లాక్కొచ్చేసరికి నడుములు పడిపోయినయ్యి. రేపు బదులు పంపు. మబ్బు పడుతోంది. కాయ తడిస్తే బాపయ్య గారు మన మొహం చూడడు."

నవారు మంచం మీద పడుకుని ఉన్న స్తుతి లేచి కూర్చుంది. సీజను లేని నెలలు కాబట్టి ఇంటి దగ్గరే ఉంది. "నేనొస్తా పెద్దమ్మా."

కోటిరత్నం పెద్దగా నవ్వింది. "టీవీలో కనపడేదానివి, నీకెందుకే? చేతులు మండినయ్యని ఏడిస్తే మీ కోచ్ వచ్చి మమ్మల్ని కొడతాడు."

"కాళ్లు పట్టి లాగే ఆడోళ్లనే విదిలించుకొచ్చేదాన్ని. కాయకి ఏడుస్తానా?"

"చూద్దాంలే నీ విదిలింపు. తెల్లారేసరికి ఆటో దగ్గరుండు."

కోటిరత్నం వెళ్లాక స్తుతి మణికట్టు వైపు చూసుకుంది. ఆ నెలల్లో ఆమె ఎంత నడవాలో, ఎంత విశ్రాంతి తీసుకోవాలో క్లబ్బు వాళ్లు రాసిపెట్టారు. బయట ఒళ్లొంచి పని చెయ్యకూడదని కాగితంలోనే ఉంది. చేలో పది గంటలు వంగితే పట్టీ ఆ సాయంత్రానికే మంగళగిరికి చేరవేస్తుంది.

"తీసి దిండు కింద పెట్టి పో," అంది రెబ్కా.

"తీశానని కూడా చెప్తుందమ్మా. దానికి ఒంటి వేడి కావాలి."

రెబ్కాకి అది పెద్ద చిక్కుగా కనిపించలేదు. ఇరవై ఏళ్లుగా తనకి తెలిసిన పద్ధతి ఒకటుంది. చెయ్యి ముందుకు చాపింది. "ఇటు పెట్టు. ఒంటి వేడి నాకు లేదా? నువ్వు నా బదులు చేలోకి పో. నేను నీ బదులు ఇంట్లో కూర్చుంటా. మనిషికి మనిషి."

 స్తుతికీ అది సబబుగానే తోచింది. పట్టీ తల్లి చేతికి బిగించి, సాయంత్రం రాగానే నాకిచ్చెయ్యి అంది.

అట్టా పదకొండు రోజులు నడిచింది.

ఆ పదకొండు రోజులూ రెబ్కా బుద్ధిగా ఉంది. తన ఇష్టం వచ్చినట్టు తిరిగితే కూతురికి మాటొస్తుందని, బిందెడు నీళ్లకీ ఆదివారం చర్చికీ తప్ప మంచం దిగేది కాదు. మధ్యాహ్నం నిద్ర రాకపోయినా కళ్లు మూసుకునేది. రోజూ ఏదో ఒక వేళ ఛాతీలో మొదలయ్యేది అది. దారం తెగిన కుట్టుమిషను ఊరికే పరిగెత్తినట్టు గుండె గబగబా కొట్టుకుని, ఒక్క క్షణం ఆగినట్టై, మళ్లీ పరిగెత్తేది. చెమట పట్టేది. సర్దుకునేదాకా మంచం పట్టె పట్టుకుని కూర్చునేది. స్తుతికి చెప్పలేదు. మార్చి నెలాఖరుకి కాగితం రాయాల్సిన పిల్లకి ఇప్పుడిదొకటా అనుకుంది. పట్టీ సంగతి మాత్రం ఒకసారి తలపుకొచ్చింది. ఆటగాళ్ల గుండె వేగంగానే కొట్టుకుంటుందిలే, మంచిదేనని సరిపెట్టుకుంది.

పదకొండో రోజు సాయంత్రానికి చేను అయిపోయింది. పద్నాలుగో రోజున మంగళగిరి నుంచి స్తుతికి పిలుపొచ్చింది.

మూడు రోజుల తర్వాత తిరిగొచ్చిన పిల్ల చేతికి పట్టీ లేదు. ఎండకి మాడిన చెయ్యి మీద, రెండేళ్లు అది ఉన్న మేర ఇంకా తెల్లగానే ఉంది. సంచి గుమ్మంలోనే వదిలేసి తిన్నగా వచ్చి తల్లి మణికట్టు పట్టుకుంది, నాడి చూసేవాళ్లలాగా.

"ఎప్పటి నుంచమ్మా?"

"ఏంది ఎప్పటి నుంచి?"

"గుండె."

రెబ్కా చెయ్యి లాక్కుంది. స్తుతి మంచం మీద కూర్చుని చెప్పింది. పదకొండు రోజుల లెక్కలో గుండె లయ ముప్పైసార్లకి పైగా తప్పిందట. కూర్చున్న మనిషి గుండె అట్టా కొట్టుకోకూడదని క్లబ్బు డాక్టరమ్మ అందట. అక్కడ తనని పడుకోబెట్టి వైర్లు పెట్టి చూస్తే ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. ఈ జబ్బు వస్తూ పోతూ ఉంటుంది, ఊపిరి బిగబట్టి కూత పెట్టే ఆట ఇది, కోర్టులోనే పడిపోతే ఎవరిది పూచీ అన్నారట. బీమా వాళ్లు ఒప్పుకోరట. రిపోర్టు లీగు ఆఫీసుకి కూడా వెళ్లిపోయింది. ఏ క్లబ్బు వాళ్లు కంప్యూటర్లో స్తుతి పేరు కొట్టి చూసినా ముందు అదే కనపడుతుంది.

"అది నాది కాదని చెప్పలేదా నువ్వు?"

"చెప్తే పట్టీ ఇంకొకళ్లకిచ్చినట్టు ఒప్పుకోవాలి. దానికి రెండేళ్లు ఆడనివ్వరు." స్తుతి గొంతులో ఏడుపు లేదు. అలిసిపోయి ఉంది. "డాక్టరమ్మ ఆ గీతలు చూపిస్తుంటే నా ఆట గుర్తుకు రాలేదమ్మా. నువ్వు చేలో పడిపోవడం గుర్తొచ్చింది. రేపు గుంటూరు పోదాం. గుండె డాక్టర్ని వాకబు చేసొచ్చాను."

"ముందు మంగళగిరి పోదాం."

"ఎందుకు?"

"నేను చెప్తా వాళ్లకి. నా గుండె నీ నెత్తిన పెట్టి ఊరుకుంటానా?"

"అమ్మా, నీకు అర్థం కావట్లేదు."

"నాకేం అర్థం కావాలే? చెయ్యి చాపింది నేను. మంగళగిరి పోతేనే గుంటూరు వస్తా. లేదంటే ఈ మంచం మీదే ఉంటా, నీ ఇష్టం."

స్తుతికి తల్లి సంగతి తెలుసు. మర్నాడు ఇద్దరూ బస్సెక్కారు.

క్లబ్బు ఆఫీసు ఒక చీరల షాపు పైన రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కి రెబ్కా గోడకి చేరబడింది. ఆయాసం తగ్గాక తలెత్తితే ఎదురుగా టీవీ. పద్నాలుగు పేర్లు, పేరు పేరుకి ఎదురుగా గడులు. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకి రావు. కానీ ఒక్క వరస మాత్రం ఆ చివర నుంచి ఈ చివరకి ఎర్రగా ఉంది. అది ఎవరిదో అడగక్కర్లేకపోయింది. ఆ టీవీ కిందే ఇద్దరు మగపిల్లలు టీ తాగుతున్నారు.

మేనేజరు ప్రేమ్‌చంద్ మర్యాద తెలిసిన మనిషి. లేచి కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు. రెబ్కా జరిగింది జరిగినట్టు చెప్పింది. ముఠా సంగతి, బదులు మనిషి సంగతి, తను చెయ్యి చాపిన సంగతి. ఆయన వింటూ లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. కోతకొచ్చిన పైరు గాలికి తూలినట్టు ఒక గీత.

"ఇది మీదంటారా?"

"ఇదెప్పటిదయ్యా?"

"పోయిన నెల ఇరవై మూడు. ఆదివారం. పదకొండు ఇరవై."

రెబ్కా గుర్తు చేసుకుంది. "మోకాళ్ల మీదున్నా. ప్రార్థనలో. లేవబోతే లేవలేకపోయా. పక్కనావిడ భుజం పట్టుకున్నా." వేలితో గీత చివర తాకింది. "ఇక్కడ సర్దుకుంది."

ఆయన ఇంకోటి చూపించాడు. అది బిందె ఎత్తినప్పటిది. ఇంకోటి ఊరికే కూర్చుని ఉన్నప్పటిది. తన రోజులన్నీ అక్కడున్నాయి. కూతురికి కూడా చెప్పకుండా దాచుకున్నవి, పేరు కూడా తెలియని మనుషులు పదిహేను రోజుల నుంచి చూస్తున్నారు. కొంగు ఛాతీ మీదికి లాక్కుంది, ఎవరో రవిక ముడి విప్పి చూసినట్టయి.

ప్రేమ్‌చంద్ సొరుగులోంచి అట్టాంటి పట్టీయే ఒకటి తీసి ఆమె చేతికి కట్టాడు. పది నిమిషాలు తెర చూస్తూ కూర్చున్నారు. మెట్లెక్కిన ఆయాసానికో, భయానికో, కుట్టుమిషను పరిగెత్తనే పరిగెత్తింది. తెర మీద అదే గీత.

"నమ్ముతున్నానమ్మా," అన్నాడాయన మెల్లగా. "మీరు అబద్ధం చెప్పట్లేదు."

రెబ్కా మొహం విప్పారింది. "అయితే ఆ ఎరుపు తీసెయ్యండయ్యా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తీసెయ్యడానికి లేదు. నా ముందు రెండే దారులున్నాయి. జబ్బని రాస్తే స్తుతిని గౌరవంగా పంపించేస్తాం. మంచి పిల్ల అనే పేరు మిగులుతుంది. కానీ ఇంకెప్పుడూ లీగులో ఆడటానికి ఉండదు. పట్టీ మార్చిందని రాస్తే రెండేళ్లు ఆడకూడదు. తర్వాత ఏ క్లబ్బయినా తీసుకుంటే తీసుకుంటుంది. మోసం చేసిందన్న మాట మాత్రం పేరు పక్కన ఉంటుంది."

"మోసమేందయ్యా? మా ఊళ్లో ఏ ఇంట్లోనైనా ఇంతేగా? మనిషికి మనిషిని పంపడం మోసమా?"

"మీ ఊళ్లో కాదమ్మా. కాగితంలో."

స్తుతి అంతదాకా కిటికీ దగ్గర నిలబడి ఉంది. వచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. "మార్చానని రాయండి సార్. నా గుండె బాగుంది. దానికి లేని రోగం దాని మీద రాయకండి."

"ఇరవై మూడేళ్లు నీకు. ఇరవై ఐదుకి ఎవరు పిలుస్తారో..."

"రాయండి సార్."

ముందు గదిలో కూర్చునే శ్రీరమ్య అనే అమ్మాయి కాగితం టైపు చేసి తెచ్చింది. మూడు పేజీలు ఇంగ్లీషు, ఒక పేజీ తెలుగు. స్తుతి గబగబా సంతకం చేసి తల్లి ముందుకి జరిపింది. "సాక్షి సంతకం ఇక్కడమ్మా," అన్నాడు ప్రేమ్‌చంద్, వేలు పెట్టి చూపిస్తూ.

రెబ్కా ఆ వేలిని పక్కకి జరిపింది. తెలుగు పేజీ పైనుంచి మొదలుపెట్టింది. కూడబలుక్కుంటూ, పెదాలు కదుపుతూ, పైకే చదివింది. ఒక్కో వాక్యానికి నిమిషం పట్టింది. ప్రేమ్‌చంద్ ఫోను చూసుకున్నాడు. శ్రీరమ్య నిలబడ్డ కాలు మార్చుకుంది. స్తుతి మాత్రం తొందరపెట్టలేదు. ఏడో వాక్యం దగ్గర రెబ్కా ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివింది.

"'పరికరం ద్వారా సేకరించిన సమాచారం యావత్తూ శాశ్వతంగా క్లబ్బు సొత్తు.' శాశ్వతంగా అంటే?"

"ఎప్పటికీ అని."

"నేను పోయాక కూడానా?"

ఆయన కాగితం వైపు చూశాడు. "అది స్తుతి పేరు మీద ఉందమ్మా. మీ పేరు ఎక్కడా లేదు."

"అదేగా నేననేది. అందులో ఉంది నా గుండె. పేరు మాత్రం నా కూతురిది. నాదని మీరు నమ్మారు. నాది నాకిచ్చెయ్యండి. లేదా చెరిపెయ్యండి."

"నమ్మింది నేను. సిస్టమ్‌లో మార్చడం నా చేతిలో లేదు."

"మొదటి కాగితంలో కూడా ఉందా ఈ ముక్క?"

"ఉంది. మీరు సంతకం పెట్టిన పేజీలోనే."

రెబ్కా కలం మూత పెట్టేసింది. "ఆనాడు చదవకుండా పెట్టా. ఇయ్యాల చదివా. పెట్టను."

 ఒక్క క్షణం రెబ్కాకి ఏదో ఆగిపోయిందనిపించింది. తను పెట్టకపోతే ఆ కాగితం కాగితం కాదేమో, మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకోవాలేమో అనిపించింది.

"సాక్షికి ఎవరైనా పర్లేదమ్మా," అన్నాడు ప్రేమ్‌చంద్, కోపమేమీ లేకుండా. "శ్రీరమ్యా, నువ్వు పెట్టెయ్."

ఆ అమ్మాయి వంగి, చదవకుండానే, రెబ్కా పేరు ఉండాల్సిన చోట తన పేరు రాసింది.

మెట్లు దిగేటప్పుడు స్తుతి తల్లి రెక్క పట్టుకుంది. కింద షాపులో ఎవరో నీలం చీర మడత విప్పి అంచు చూపిస్తున్నారు. ఇద్దరూ గుంటూరు బస్సు కోసం రోడ్డు పక్క ఎండలో నిలబడ్డారు. స్తుతి మణికట్టు మీది తెల్లమచ్చని గోటితో గీరుకుంటూ ఉంది.

ఫోను మోగింది. కోటిరత్నం. ఆమె గొంతుకి స్పీకరు అక్కర్లేదు. "ఏమే స్తుతీ, బాపయ్య గారి చెరువు కింది చేను సోమవారం నుంచి. మీ అమ్మ వస్తుందా, బదులు పంపుతుందా? ఇప్పుడే చెప్పాలి, నేను తలలు చూసుకోవాలి."

స్తుతి రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "నేనొస్తా పెద్దమ్మా."

"మరి నీ ఆట?"

"బదులుగా కాదు. ఇక నుంచి ఆ సాలు నాదే అనుకో. ఈ ఏడూ, వచ్చే ఏడూ."

అవతల కోటిరత్నం గొంతు ఎప్పుడూ లేనిది తగ్గింది. సరేలేమ్మా అని పెట్టేసింది.

అప్పుడు మళ్లీ మొదలైంది రెబ్కాకి. దారం లేని మిషను పరుగు. అలవాటుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరగబోయింది. తిరిగేది ఆగి, కూతురి చెయ్యి పట్టుకుని, ఆ తెల్లమచ్చ ఉన్న చేతిని తన ఛాతీ మీద పెట్టుకుంది.

"ఇదిగో," అంది. "ఇప్పుడు కొట్టుకుంటోంది."

స్తుతి చెయ్యి తియ్యలేదు. బస్సు వచ్చి ఆగినా, కండక్టరు అరుస్తున్నా, అది సర్దుకునేదాకా అట్టాగే నిలబడింది.